వంతెన మీద లారీ

విలియం ఫ్రీడ్‌కిన్ అనగానే చాలామందికి ‘ది ఎగ్జార్సిస్ట్’ గుర్తొస్తుంది. దాని వెనకే ఆయన తీసిన ‘సార్సరర్’ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1977 జూన్‌లో విడుదలైన ఆ సినిమా, నెల ముందే వచ్చిన ‘స్టార్ వార్స్’ హోరులో కొట్టుకుపోయింది. పేరు చూస్తే మంత్రగాడి కథ అనిపిస్తుంది. నిజానికి అది ఒక లారీ పేరు.

లాటిన్ అమెరికాలో ఓ మారుమూల పల్లె. తలో చోట నేరం చేసి పారిపోయొచ్చి తలదాచుకున్న నలుగురు. చమురు బావిలో ఎగిసిన మంటను ఆర్పడానికి డైనమైట్ కావాలి. ఉన్నదేమో పాతబడి నైట్రోగ్లిజరిన్ కారుతోంది, గట్టి కుదుపు తగిలితే పేలిపోతుంది. దాన్ని రెండు లారీల్లో అడవి దారిన చేర్చాలి.

ఇక ఆ వంతెన! జోరువాన, కింద ఉరకలేసే నది, తాళ్లకు వేలాడే కుళ్లిన చెక్కలు. ఒకడు ముందు నడిచి దారి చూపుతుంటే లారీ అంగుళం అంగుళం కదులుతుంది. పలక విరుగుతుంది. చక్రం దిగబడుతుంది. బండి మొత్తం ఓ పక్కకు ఒరిగిపోతుంది. ఇలాంటి దృశ్యాలను కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో సృష్టించే రోజులు కావవి. డొమినికన్ రిపబ్లిక్‌లో కట్టిన వంతెన కింద నది ఎండిపోతే, మెక్సికోలో మళ్లీ కట్టించారు.

ఖర్చు 2 కోట్ల డాలర్లు దాటింది, వసూళ్లు అందులో సగమైనా రాలేదు.

2013లో వెనిస్ చిత్రోత్సవం ఫ్రీడ్‌కిన్‌కు జీవన సాఫల్య పురస్కారమిచ్చి, కొత్తగా మెరుగులు దిద్దిన ఈ చిత్రాన్నే ప్రదర్శించింది. ‘సార్సరర్’కు ఆధారమైన నవలతోనే దర్శకుడు క్లూజో 1953లో తీసిన ‘ది వేజెస్ ఆఫ్ ఫియర్’నూ వెంటనే చూస్తే, ఒకే భయాన్ని ఇద్దరు దర్శకులు ఎంత వేరుగా నడిపించారో తెలుస్తుంది.