ఇక్కడ ‘శుభ్రం’ అంటే ఒప్పుకోరు

గుంటూరులో ఒక పెద్దాసుపత్రి. ఆపరేషన్ థియేటర్లకు కత్తులు, కత్తెరలు, ఫోర్సెప్స్ సిద్ధం చేసి పంపే విభాగం అందులో ఉంది. సీఎస్ఎస్‌డీ అంటారు. టోపీ, గౌను తగిలించుకుని లోపలికి వెళ్తూనే ‘‘భలే శుభ్రంగా ఉందమ్మా’’ అన్నాను.

‘‘ఇక్కడ ఆ మాట చెల్లదు సార్’’ అని నవ్వారు ఇన్‌ఛార్జి సిస్టర్. ‘‘క్లీన్ అయిందా, డిస్ఇన్ఫెక్ట్ అయిందా, స్టెరైల్ అయిందా, అది చెప్పాలి.’’

శుభ్రంగా తినమంటాం, చెప్పిన పని శుభ్రంగా మర్చిపోయాడంటాం. అంత సాగే మాటతో ఆసుపత్రి నడవదని కాసేపటికే అర్థమైంది.

మొదటి గదిలో సింకు దగ్గర ఒకావిడ మందపాటి గ్లవ్స్, మొహానికి షీల్డు పెట్టుకుని ఆర్టరీ ఫోర్సెప్స్ తోముతోంది. దాని నోరు తెరిచి, కీలు సందులో సన్నటి బ్రష్ పెట్టి, మొత్తం నీళ్లలో ముంచి మరీ. పైకి తీసి తోమొచ్చుగా అంటే, ‘‘తుంపర్లు లేస్తాయి సారూ, అవి పీల్చితే మాకే ప్రమాదం’’ అంది. తోమడం, జాడించడం, ఆరబెట్టడం అయ్యాక లెన్సున్న దీపం కింద పెట్టి చూసింది. కీలు దగ్గర ఆవగింజలో సగం కూడా లేని గోధుమరంగు మచ్చ. ఫోర్సెప్స్ మళ్లీ సింకులోకి వెళ్లింది.

ఎలాగూ ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెడతారు కదా, ఇంత పట్టుదల ఎందుకని నాకనిపించింది. ఎండిన రక్తం కింద దాక్కున్న క్రిమికి ఆవిరి సరిగా తగలదట. క్లీన్ అయినదల్లా స్టెరైల్ (ఒక్క క్రిమీ మిగలనిది) కాదు గానీ, క్లీన్ కానిది ఎన్నటికీ స్టెరైల్ కాదు.

ఆ రెంటికీ మధ్యలో ఉండేది డిస్ఇన్ఫెక్షన్. ఆటోక్లేవ్ వేడిని తట్టుకోని ఎండోస్కోపులను రెండు శాతం గ్లుటరాల్డిహైడ్‌లో కనీసం 20 నిమిషాలు నానబెడతారు. క్రిములు దాదాపు అన్నీ చస్తాయి. స్పోర్లు, అంటే గట్టి పొర కట్టుకున్న క్రిములు, మాత్రం కొన్ని మిగలొచ్చు. ధనుర్వాతం తెచ్చే క్రిమి స్పోర్ల రూపంలోనే ఏళ్ల తరబడి మట్టిలో బతికుంటుంది. అందుకే ఒంట్లోకి దిగే కత్తికి డిస్ఇన్ఫెక్షన్ చాలదు. 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలో, వాక్యూమ్ ఉన్న యంత్రమైతే 134 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలో ఉంచాలి. ఏ వస్తువుకు ఏ మెట్టు అవసరమో అమెరికన్ శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ చేసిన విభజననే నేటికీ పాటిస్తున్నారు. ఒంట్లోకి వెళ్లేది స్టెరైల్ కావాలి. లోపలి పొరలను తాకేదానికి గట్టి డిస్ఇన్ఫెక్షన్ కావాలి. బీపీ పట్టీలాగా పైచర్మాన్ని తాకేదాన్ని కడిగి తుడిస్తే చాలు.

పరికరాలు చుట్టిన మూట మీద అంటించే టేపు చూపించారు. ఆటోక్లేవ్ నుంచి వచ్చాక దాని గీతలు నల్లబడతాయి. అదీ పూర్తి హామీ కాదు, వేడి తగిలిందనడానికి గుర్తు మాత్రమే. యంత్రం నిజంగా పనిచేస్తోందా అని తేల్చడానికి మొండి స్పోర్లున్న చిన్న గొట్టాన్ని లోపల పెట్టి, తర్వాత అవి మొలకెత్తుతాయేమో చూస్తారు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

మందుల పేర్లలోనూ ఇలాంటి తేడా ఉంది: ఒంటికి రాసేది యాంటిసెప్టిక్, వస్తువులకు వాడేది డిస్ఇన్ఫెక్టెంట్. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో 2020 మార్చిలో చూశాం. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో కొవిడ్ లాక్‌డౌన్ వేళ ఊళ్లకు తిరిగొస్తున్న వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి సోడియం హైపోక్లోరైట్ చల్లారు. నేలకు, బల్లలకు వాడే మందు అది. ‘శానిటైజ్ చేశాం’ అనే మాట చాటున మనుషులు నేలతో సమానమైపోయారు. మనుషుల మీద అలాంటివి చల్లకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది.

పన్ను పీకించుకోవడానికో, కుట్లు వేయించుకోవడానికో క్లినిక్‌కి వెళ్తే ‘శుభ్రంగా ఉన్నాయా’ అని అడగకండి, ఎవరైనా ఉన్నాయనే అంటారు. ‘ఆటోక్లేవ్ చేశారా’ అని అడగండి. మూటను మీ ఎదుటే విప్పమనండి. తడిగా ఉన్నా, చిరిగి ఉన్నా వద్దనండి.