ఆషాఢంలో శాక్సోఫోన్

బెంగుళూరు నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే అరవై కిలోమీటర్ల లోపే చిక్కబళ్ళాపురం వస్తుంది. దానికి ముందే ఎడమ చేతి వైపు నంది కొండ కనిపిస్తుంది. ఇంకో నలభై కిలోమీటర్లు పైచిలుకు పోతే బాగేపల్లి, అది దాటితే ఆంధ్ర సరిహద్దు. చింతామణి ఈ దారిలో లేదు, శిడ్లఘట్ట మీదుగా తూర్పుకు తిరగాలి. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేదాకా ఈ మూడూ కోలారు జిల్లాలోవే. బోర్డులన్నీ కన్నడం, సంతలో బేరం మాత్రం తెలుగు. మనలాగా ఉద్యోగాల కోసం ఊరు విడిచి వచ్చిన వాళ్ళ తెలుగు కాదది, తరతరాలుగా అక్కడే పాతుకున్న తెలుగు. బాగేపల్లి బస్టాండులో కాఫీ తాగుతూ చెవి అప్పగిస్తే అనంతపురంలో ఉన్నట్టే ఉంటుంది.

నేను ఈ మూడు ఊళ్ళకూ వెళ్ళింది బ్యాంకు తనిఖీ పని మీద. తనిఖీ అధికారి చేసే యాత్రలు ఇలాగే ఉంటాయి: పగలంతా ఖాతాలు, సాయంత్రం గుడి. నంది గ్రామంలో భోగ నందీశ్వరుడి ఆలయాన్నీ, అక్కడి మెట్ల కోనేటినీ చీకటి పడేదాకా చూశాను. వాటి సంగతి ఇంకోసారి రాస్తాను. ఈసారి చెప్పదలచుకున్నది ఒక అప్పు గురించి.

చిక్కబళ్ళాపురం శాఖలో ముద్రా రుణాలు తిరగేస్తున్నాను. అందులో శిశు అనే రకం ఉంది. యాభై వేల లోపు, తాకట్టు అక్కరలేదు. ఆవులు, కుట్టుమిషన్లు, టమాటా బుట్టల మధ్య రెండు చోట్ల 'శాక్సోఫోన్' అని ఉంది. రెండు ఖాతాలూ ఏడాదికి రెండుసార్లు, జులైలోనూ జనవరిలోనూ, వాయిదా తప్పుతున్నాయి, తరువాత సర్దుకుంటున్నాయి. బాగేపల్లి శాఖలోనూ అలాంటి ఖాతా ఒకటుంది, అదీ సరిగ్గా అవే నెలల్లో తప్పింది. బి.కాం. చదివినవాడికి అంకెలు కలిసి నడుస్తుంటే నిద్ర పట్టదు. మర్నాడు తెల్లవారుజామునే ఆ ఇంటికి బయలుదేరాను.

ఇక్కడొక మాట చెప్పాలి. కన్నడంలో వాలగ అనే మంగళవాద్యంలో ఒకప్పుడు నాదస్వరమే ఉండేది. ఇప్పుడు కర్ణాటకంలో చాలా పెళ్ళిళ్ళలో దాని చోట శాక్సోఫోన్ కనిపిస్తుంది. ఎడాల్ఫ్ శాక్స్ అనే బెల్జియం దేశస్థుడు తయారుచేసి 1846లో పారిస్‌లో పేటెంటు పొందిన వాద్యం ఇది. సైనిక బ్యాండుల్లో కుదురుకున్న దానిని కర్ణాటక సంగీతానికి మప్పిన ఘనత కద్రి గోపాలనాథ్ గారిది. 1949లో దక్షిణ కన్నడ జిల్లాలో పుట్టారు, తండ్రి నాదస్వర విద్వాంసుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని మనసు పారేసుకున్నారు. గమకాలు పలికించడానికి ఏళ్ళకేళ్ళు సాధన చేసి, వాద్యంలోనే మార్పులు చేసుకున్నారు. 1994లో లండన్‌లో బి.బి.సి. ప్రామ్స్ కచేరీలో వాయించారు. 2019లో కాలం చేశారు. ఆయన చూపిన దారినే ఎన్నో మేళాల కుటుంబాలు పట్టుకున్నాయి.

నేను వెళ్ళిన ఇల్లు అలాంటిదే. (పేర్లు చెప్పను, ఉద్యోగ ధర్మం.) తాత నాదస్వరం వాయించినవాడు. మనవడు బి.కాం. ప్యాసై, అప్పు మీద కొన్న శాక్సోఫోన్‌తో మేళం నడుపుతున్నాడు. ఇంట్లో ఇద్దరూ లేరు. "చెరువు కట్ట మీద ఉంటారు సార్, శబ్దం వస్తా ఉంటాది పోండి" అంది కోడలు.

నిజంగానే వచ్చింది. ముందు షడ్జం ఒక్కటే. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, ఊపిరి అయిపోయేదాకా అదే స్వరం వణక్కుండా నిలపడం. పది నిమిషాలు అంతే. తరువాత మాయామాళవగౌళలో సరళీ వరుసలు. పాశ్చాత్యులు ఇదే వాద్యం మీద శంకరాభరణం లాంటి స్వరాలతో మొదలుపెడతారు. మనకు మొదటి పాఠంలోనే శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి పెద్ద అంగ వేయాలి. మొదటి కాలం, రెండో కాలం బాగానే వచ్చాయి. మూడో కాలంలో ఒక స్వరం చిట్లింది. తాత తొడ మీద తాళం ఆపేశాడు. కుర్రవాడు మాట్లాడకుండా మళ్ళీ మొదటి కాలం ఎత్తుకున్నాడు.

కట్ట మీద ఎందుకని అడిగితే, పక్కింటివాళ్ళు గోల పెట్టారట. గంట మూతిలో తువ్వాలు కుక్కి చూశాడట. లాభం లేదు, ఎందుకంటే ఆ గొట్టంలో శబ్దం తెరిచి ఉన్న రంధ్రాల గుండా కూడా బయటికి వస్తుంది. తువ్వాలు వల్ల అడుగు స్వరాలు చెడిపోయాయి తప్ప పక్కింటికి నిద్ర దొరకలేదు!

తాత వాద్యం చేతికిచ్చి చూపించాడు. నాదస్వరంలో వేలు నేరుగా రంధ్రం మీదే ఉంటుంది, కొస కాస్త జరిపితే స్వరం జారుతుంది. శాక్సోఫోన్‌లో రంధ్రానికి మూత, మూతకు మీట, మీట మీద వేలు. మీట పడిందా, లేచిందా, అంతే. జారుడంతా పెదవితోనూ, దవడతోనూ, ఊపిరితోనూ తెచ్చుకోవాలి. పైగా ఆల్టో అనే ఈ రకానికి పుట్టుకతో వచ్చిన శ్రుతి మన లెక్కలో రెండున్నర. పాడేవాళ్ళ కోసం ఆధార షడ్జం మార్చుకుంటే వేళ్ళ వరస మొత్తం మారిపోతుంది. అందుకని అదే సరళిని ఇతను రెండు షడ్జాల మీద సాధన చేస్తున్నాడు. ఒకే పాఠం రెండుసార్లు నేర్చుకోవడమన్న మాట.

వాయిదాల సంగతి ఎత్తాను.

"ఆషాఢంలో లెక్క కట్టమంటే యాడనుంచి తెచ్చేది సార్? పెండ్లిండ్లు ఉండవు. పుష్యంలోనూ అంతే" అన్నాడు తాత. "ఈ నెలంతా సరళి వాయిస్తేనే శ్రావణంలో పెండ్లి వాయించేది."

"పెండ్లిలో సరళి ఎవరు వింటారు తాతా? సినిమా పాటే అడుగుతారు" అన్నాడు కుర్రవాడు.

"సినిమా పాటైనా స్వరం మీదే గదరా పోయేది!"

నా అంకెల చిక్కు విడిపోయింది. వాళ్ళకు ఆదాయం లేని నెలా, సాధన నెలా ఒకటే. పంట రుణానికి కోతల కాలం చూసి వాయిదా వేస్తాం. ముహూర్తాల మీద బతికేవాడికి మాత్రం పన్నెండు నెలలూ సమానం. అప్పు కట్టడానికి ఆషాఢంలో కూలికి పోతే సరళి పోతుంది, సరళి పోతే శ్రావణంలో బేరం పోతుంది. వాయిదాలు ముహూర్తాలను బట్టి మార్చమని నివేదికలో రాశాను. మేనేజరు అప్పుడే ఒప్పుకున్నారు, కంప్యూటరు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది.

లేచి వస్తుంటే కుర్రవాడు నన్ను రోడ్డుదాకా సాగనంపి ఇంకో కాగితం చూపించాడు. బెంగుళూరులో ఒక కంపెనీ లెక్కల విభాగంలో ఉద్యోగం, శ్రావణం మొదట్లో చేరాలి. "పోతే మేళం నిలిచిపోతుంది సార్. తవిలు ఆయనకు ఇద్దరు పిల్లలు. మీరు ఏమంటారు?" బ్యాంకువాడిగా జీతం కంటే మంచి హామీ లేదనే చెప్పాలి. అదే చెప్పాను. అయితే తెల్లవారి విన్నది చెవిలో ఉండగా ఆ మాట గట్టిగా రాలేదు.

ఆ వారంలోనే గురుపౌర్ణమి. చింతామణి శాఖ పని ముగించుకుని, దగ్గరే ఉన్న కైవారం వెళ్ళాను. గాజులమ్ముకుంటూ బతికి యోగి అయిన నారాయణ తాతయ్య ఊరది. కన్నడంలోనూ తెలుగులోనూ కీర్తనలు చెప్పారు. గురుపౌర్ణమికి మూడు రోజుల సంగీతోత్సవం జరుగుతుంది. మన పిల్లలను ఒక్కసారి తీసుకువెళ్ళండి. కర్ణాటకంలో, కన్నడ బోర్డుల మధ్య, తెలుగు కీర్తనను ఊరంతా గొంతు కలిపి పాడటం వాళ్ళు వినాలి.

మా కుర్రవాడు పెద్ద మేళంలో వెనక వరసలో ఉన్నాడు. మధ్యలో అతనికి విడిగా వాయించే వంతు ఇచ్చారు. తాతయ్య కీర్తన ఒకటి, తొందర పడకుండా వాయించాడు. స్తంభానికి చేరగిలబడి తాత కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నాడు. చాలాసేపు వేశాడు, ఆపలేదు.

దిగి వచ్చాక "ఎట్లుంది తాతా?" అని అడిగాడు మనవడు.

"గాంధారం ఇంకా కొంచెం కిందికే ఉంది" అన్నాడు తాత.

అతను ఉద్యోగంలో చేరాడు. వాయిదాల మార్పు సంగతి కనుక్కోవడానికి కార్తీకంలో ఫోను చేస్తే తాత ఎత్తాడు. "శనివారం రాత్రి బస్సుకు వస్తాడు సార్. ముహూర్తం ఉంటే పెండ్లికి పోతాడు, లేకుంటే కట్ట మీద ఉంటాడు" అన్నాడు. ఇప్పుడు జంట వరుసలు నడుస్తున్నాయట, రెండో షడ్జం మీద.