తల్లి తోడేలుకు డైలాగు లేదు!

1993. దూరదర్శన్‌లో ‘జంగిల్ బుక్’ వచ్చే రోజులు. ఆదివారం పొద్దున మడికొండలో మా వాడ పిల్లల చెప్పులన్నీ ఒకే ఇంటి గడప ముందు ఉండేవి. వాడలో టీవీ ఉన్న ఇల్లు అదొక్కటే మరి! గుల్జార్ పాట మొదలుకాగానే అందరం గొంతులు కలిపేవాళ్లం. ఆ హిందీ ఎంతమందికి అర్థమయ్యేదని మాత్రం అడక్కండి. మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, నా చెవి దగ్గర తెలుగులో చెబుతూ ఉండేది. "పులి వచ్చింది... తోడేలు ఉరికింది... బగీరా చెట్టెక్కింది..."

ఇందులో ఓ తమాషా ఉంది. మన తెలుగులో ఆడమనిషి వచ్చినా ‘వచ్చింది’, జంతువు వచ్చినా ‘వచ్చింది’! అక్క చెప్పే కథలో అడవి మొత్తం ఆడదే. నానా పటేకర్ గొంతు పుణ్యమా అని షేర్‌ఖాన్ ఒక్కడు మగవాడుగా మిగిలాడు. (అన్నట్టు, 1967-71 మధ్య సోవియట్ రష్యాలో వచ్చిన ‘మౌగ్లీ’ కార్టూన్లలో బగీరా నిజంగానే ఆడ చిరుత. నటి ల్యుద్మిలా కసాత్కినా గొంతు ఇచ్చింది. మా అక్క అక్కడ పుట్టాల్సింది!)

నా కళ్లు మాత్రం తల్లి తోడేలు మీదే ఉండేవి. దానికి కారణం ఉంది. నాకు రెండేళ్లప్పుడు అమ్మకు జబ్బు చేస్తే, నన్ను తెచ్చి పెద్దమ్మ చేతుల్లో పెట్టారు. పెద్దనాన్నది కాజీపేట రైల్వేలో కొలువు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో నేను నాలుగోవాణ్ణి. సీరియల్ మొదలైన నెలకే వాడలో నా పేరు ‘మోగ్లీ’ అయ్యింది. పైకి నవ్వేవాణ్ణి...

1995 ఎండాకాలం. నాన్న, తాతయ్య, మేనమామలు, పెద్దనాన్న వాకిట్లో మంచాలు వేసుకుని కూర్చున్నారు. నన్ను హైదరాబాదు తీసుకుపోయి చదివించాలని తీర్మానం. ఆ సీనులో, నాకు గుర్తున్నంతవరకు, పెద్దమ్మకు ఒక్క డైలాగు కూడా లేదు. తలుపు వెనక గాజుల చప్పుడు, అంతే. ఆ తర్వాత ఏ జంగిల్ బుక్ చూసినా ఆ చప్పుడు నా వెంటే వచ్చింది.

డిగ్రీ రోజుల్లో అద్దె సీడీ తెచ్చుకుని డిస్నీవాళ్ల 1967 కార్టూన్ చూశాను. వాల్ట్ డిస్నీ స్వయంగా దగ్గరుండి తయారు చేయించిన ఆఖరి కార్టూన్ చిత్రాల్లో అదొకటి. విడుదల చూడకుండానే 1966 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ పాటలు, ఎలుగుబంటి బాలూ గంతులు... ఎంత హుషారో! కానీ తల్లి తోడేలు? బుట్టలో పసివాణ్ణి చూసి ముచ్చటపడుతుంది. అంతే, నోరు విప్పదు. రాత్రిపూట బండ మీద పంచాయితీ జరుగుతుంది. అకేలా తీర్పు చెబుతాడు. తండ్రి తోడేలు రామా ఒక మాట అడ్డు చెప్పి ఊరుకుంటాడు. మనుషుల ఊళ్లో దింపి వస్తానని బగీరా ముందుకొస్తాడు. పాలిచ్చి పెంచినదాన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. సీడీ ఆపేసి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. అది మా వాకిలే!

తర్వాత నా కోపం కిప్లింగ్ మీదికి మళ్లింది. బొంబాయిలో పుట్టిన ఈ దొరే ఆ తల్లిని మూగదాన్ని చేశాడేమో అనుకుని, 1894 నాటి అసలు పుస్తకం సంపాదించి చదివాను. పొరపాటు నాదే! షేర్‌ఖాన్ గుహలో తల దూర్చి పిల్లవాణ్ణి ఇమ్మని గర్జిస్తే, ఎదురు లేచి బదులు చెప్పేది తండ్రి కాదు, తల్లి. వీడు నావాడు, ఒకనాడు నిన్నే వేటాడతాడు పొమ్మంటుంది. పులి వెనక్కి తగ్గుతుంది. ఐదు తోడేళ్లతో పోరాడి ఆమెను గెల్చుకున్న మొగుడే నోరెళ్లబెడతాడు! ఆమె పేరు రక్ష. కిప్లింగ్ దానికి రాక్షసి అని అర్థం చెప్పాడు. మన చెవికి రక్ష అంటే కాపాడేది కదూ? పెద్దమ్మ నా మెడలో కట్టిన రక్షరేకు గుర్తొచ్చింది. పిల్లకు రక్ష, పులికి రాక్షసి... దొర తెలిసి పెట్టాడో, తెలియక పెట్టాడో గానీ, పేరంటే అదీ!

మరి 73 ఏళ్లలో ఆ రాక్షసి నోరు ఎట్లా పడిపోయింది? నాకు తోచింది చెబుతా. డిస్నీ కథంతా బాలూ, బగీరా, పిల్లవాడు కలిసి చేసే ప్రయాణం. "నా బిడ్డను పంపను" అని గుమ్మానికి అడ్డం నిలబడే తల్లి ఉంటే ప్రయాణం మొదలే కాదు. కథ నడవాలంటే ఆమె ఊరుకోవాలి. మేం దూరదర్శన్‌లో చూసింది 1989లో జపాన్‌వాళ్లు తీసిన 52 భాగాల సీరియల్. తీరిక ఎక్కువ కనుక, ఆమెకు లూరీ అని పేరు పెట్టి మళ్లీ ఇల్లాలిని చేశారు. 2018లో ఆండీ సెర్కిస్ తీసిన చిత్రంలో పేరు నిషాగా మారింది. రక్ష పోయి రాత్రి మిగిలింది!

నాకు నచ్చిన రక్ష 2016 నాటి జాన్ ఫావ్రో చిత్రంలో ఉంది. ఏప్రిల్ 8న, అమెరికా కంటే వారం ముందే మన దేశంలో విడుదలైంది. ఇంగ్లీషులో లుపితా న్యోంగో, హిందీలో షెఫాలీ షా ఆమెకు గొంతులు. తెలుగులో కూడా వచ్చిందని తెలియగానే మడికొండ వెళ్లి, పెద్దమ్మనూ అక్కనూ హనుమకొండ హాలుకు తీసుకుపోయాను. చత్వారం అద్దాల మీద త్రీడీ అద్దాలు పెట్టుకుని పెద్దమ్మ ఆమడ దూరంలో ఉన్న తెరకు చెయ్యి చాచి చూస్తోంది. బండ మీద పంచాయితీ వచ్చింది. ఈసారి రక్షకు నోరుంది. వీడు నా పిల్ల అంటుంది. దర్శకుడు మహా తెలివైనవాడు! తల్లికి డైలాగు ఇచ్చి, పోతానన్న మాట మాత్రం పిల్లవాడి నోట అనిపించాడు. వాడు పోతుంటే ఆమె చూసిన చూపుకు నా అద్దాలు మసకబారాయి.

ఇంటర్వెల్‌లో ఇక ఆగలేక అడిగేశాను.

"పెద్దమ్మా, నన్ను తోలిచ్చిననాడు నువ్వెందుకు మాట్లాడలే?"

"మాట్లాడలేదా? ఎవలు చెప్పిండ్రు నీకు?"

అక్క పకపకా నవ్వింది. "చెంబు ఇసిరింది గదరా! మామ మోకాలికి తాకింది. నిన్నప్పటికే బస్సు కాడికి పట్కపోయిండ్రు."

మా నాన్న ఇన్నేళ్లూ చెప్పిన కథ వేరు. పెద్దమ్మ సంతోషంగా సకినాలు కట్టిచ్చి పంపిందట! ఒక్క వాకిలి, మూడు సినిమాలు. అన్నిటికంటే మూగ సినిమా నాదే.

పెద్దమ్మ అవన్నీ పట్టించుకోలేదు. సమోసా తుంపుతూ తెర వైపు చూసింది.

"గా తోడేలుకు సొంత పిల్లలున్నయ్ గదా. వాటి పాలు వాడు తాగిండు. వాటినెవలన్న అడిగిండ్రా?"

నేను అక్క వైపు తిరిగాను. అక్క నవ్వు ఆగిపోయింది. నాకంటే రెండేళ్లే పెద్ద. నన్ను తెచ్చేనాటికి దానికి నాలుగేళ్లు.

"మీగడంతా వీడే తిన్నడు" అంది, ఎటో చూస్తూ.

బెల్లు మోగింది. పెద్దమ్మ సమోసాలో సగం తుంచి అక్క చేతిలో పెట్టి, మళ్లీ అద్దాల మీద అద్దాలు పెట్టుకుంది.