ఉత్తరాన ఉన్న దక్షిణ దేశం



పోయిన కూటంలో కొందరు "స్కాట్లాండ్ పోయొచ్చినారే, ఏం చూసినారు?" అని అడిగినారు. నాలుగు మాటల్లో చెప్పేది కాదని నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు బడిలో నేర్చుకోలేదు. రైల్వేలో గుమాస్తాగా చేరినాక సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు స్టేషన్ బోర్డులు చూసి ఒక్కొక్కటిగా కూడబలుక్కున్నాను. తప్పులుంటే మన్నించండి.

మా అమ్మాయి ఇన్వర్‌నెస్‌లో ఉంది. అక్కణ్ణుంచి ఇంకా ఉత్తరంగా పోతే సదర్లాండ్, కెయిత్‌నెస్ అని రెండు పాత జిల్లాలు. రెండింటికీ సముద్రం ఉంది. కెయిత్‌నెస్‌తో బ్రిటన్ నేల అయిపోతుంది. అక్కడ విక్ అనే ఊరు చూద్దామంది అమ్మాయి. "కారులో రెండున్నర గంటలు నైనా" అంది. రైల్వే ఉప్పు తిన్నవాణ్ణి, రైలుండగా కారెందుకు? నేను, మా ఆవిడ, మనవడు రైలెక్కినాము. అమ్మాయి కారులో బయలుదేరింది.

రోడ్డు మీద విక్ దాదాపు 103 మైళ్ళు. రైల్లో 161 మైళ్ళు! నాలుగు గంటలు దాటింది. ఇంత చుట్టు ఎందుకని మ్యాప్ ఒళ్ళో పెట్టుకుని చూసినాను.

మొదటి కారణం డోర్నాక్ ఫర్త్. ఫర్త్ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. 1809లో దాన్ని దాటే పడవ మునిగి తొంభైమందికి పైగా పోయినారు. ఆ తర్వాత 1812లో థామస్ టెల్ఫర్డ్ పాయ సన్నబడే చోట, బోనార్ దగ్గర, వంతెన కట్టినాడు. రోడ్డు చాలాకాలం ఆ చుట్టు తిరిగే పోయింది. 1991లో ఫర్త్ మీదే కొత్త వంతెన వచ్చింది, ఏ-9 రోడ్డు నేరుగా దాటిపోతుంది. ఆ వంతెన మీద పట్టాలు మాత్రం వేయలేదు. రైలు ఈనాటికీ లెయిర్గ్ దాకా లోపలికి పోయి మళ్ళీ సముద్రం దగ్గరికి వస్తుంది. నాకు కడుపు మండింది.

రెండోది హెల్మ్స్‌డేల్ దాటినాక. అక్కడ కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. రోడ్డు ఎలాగో ఎక్కి దిగి పోతుంది. బెర్రీడేల్ దగ్గర పెద్ద లారీలు ఇరుక్కునే హెయిర్‌పిన్ మలుపును 2020లో సరిచేసినారు. 1874లో లైను వేసినవాళ్ళు ఆ కొండల జోలికి పోకుండా లోపలికి తిరిగినారు. మైళ్ళకొద్దీ చెట్టు లేదు, ఇల్లు లేదు, నల్లటి బురద నేల. ఆ నేలనే 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

మూడోది జార్జిమస్ జంక్షన్. రైలు అక్కణ్ణుంచి థర్సో పోయి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, అప్పుడు విక్ పోతుంది. "తాతా, మళ్ళీ అదే స్టేషనా?" అన్నాడు మనవడు. విక్‌లో దిగేసరికి అమ్మాయి కాఫీ తాగి, ఊరంతా ఒక చుట్టు చుట్టి, మాకోసం కాచుకునుంది. ఒక్క మాట అనలేదు, నవ్వింది. అంతే చాలు నాకు.

మర్నాడు కారెక్కినాను, నోరెత్తకుండా. కెయిత్‌నెస్ రోడ్లు సులువుగా అర్థమవుతాయి. లాథరన్ దగ్గర దారి చీలుతుంది. ఏ-9 థర్సో మీదుగా స్క్రాబ్‌స్టర్ రేవుకు పోతుంది, ఆర్క్‌నీ దీవులకు పడవ అక్కడే. ఏ-99 సముద్రం పక్కనే విక్ దాటి జాన్ ఓ గ్రోట్స్ పోతుంది. ఉత్తర తీరం వెంట ఏ-836 ఈ రెండు దార్లనూ కలుపుతుంది. జనమంతా జాన్ ఓ గ్రోట్స్‌లో ఫోటో దిగుతారు. నిజంగా ఉత్తరపు కొస డన్నెట్ హెడ్, ఇంకా పడమరగా, చిన్న రోడ్డు చివర ఉంది.

దారి పొడుగునా నేను చూసింది బోర్డులే, పాత అలవాటు కదా. విక్ అంటే వైకింగుల భాషలో సముద్రపు ఖాతం. స్క్రాబ్‌స్టర్, లిబ్‌స్టర్ చివర ఉన్న "స్టర్" అంటే సేద్యం చేసుకునే ఇల్లు, వాకిలి. సదర్లాండ్ అంటే దక్షిణ దేశం! బ్రిటన్‌లో అంత ఉత్తరాన ఉన్న నేలకు ఆ పేరేమిటి? పెట్టినవాళ్ళు ఆర్క్‌నీలో, ఇంకా ఉత్తరాన నిలబడి చూసినారు కాబట్టి.

అది తెలియగానే నాకు మనమే గుర్తొచ్చినాము. మనం దక్షిణాన ఉండి వందల ఏళ్ళయినా తమిళంలో మనకు వడుగర్, ఉత్తరాదివాళ్ళు అనే పేరుంది. వడుగపట్టి, వడుగపాళయం అని ఊళ్ళే ఉన్నాయి కదా.

"తాతా, వైకింగుల భాష ఇప్పుడు ఇక్కడ ఎవరు మాట్లాడతారు?" అని అడిగినాడు మనవడు. ఎవరూ మాట్లాడరు. రోడ్డు బోర్డుల మీద గేలిక్ కూడా రాయాలన్నప్పుడు, మా పేర్లు వైకింగులవి అని కెయిత్‌నెస్‌లో కొందరు అభ్యంతరం చెప్పినారు. కానీ వాళ్ళూ ఆ వాదన చేసింది ఇంగ్లీషులోనే. భాష పోయింది, బోర్డు మిగిలింది.

మా మనవడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అందుకే ఇంత రాసినాను. మన ఆదివారం తెలుగు తరగతికి ముగ్గురే వస్తున్నారు, ఆపేద్దామని వచ్చే కూటంలో మాట రాబోతుంది. ఆపొద్దండి. పాఠ్యపుస్తకం బరువైతే పక్కన పెడదాం. నేర్పేది నేనే వచ్చి నేర్పుతాను, నాకు వచ్చిన పద్ధతిలోనే. సూళ్ళూరుపేట బోర్డుతో మొదలుపెడదాం.