"ఒప్పుకుంటావా?" అని కోర్టులో అడిగినప్పుడు

 

మాది కొండాపురం దగ్గర ఎరుకల కాలనీ. మా మామకు ట్రాలీ ఆటో ఉంది. ఒకరోజు ఆయన ఫోన్‌కు ఈ-చలానా వచ్చింది. అతివేగం, వెయ్యి రూపాయలు. లింకులో ఫోటో తెరిచి చూస్తే అందులో ఉండేది ప్యాసింజర్ ఆటో! దాని నంబర్లో 3ను 8 అనుకొని కొట్టినారు, అంతే.

మామ మాత్రం "కట్టేద్దాం లేబ్బీ, కోర్టు మనకెందుకు" అన్నాడు. మాకు కోపమొచ్చింది గానీ, ఆ భయం యాడిదో మాకు తెలుసు. నేరస్థ తెగల చట్టం రద్దయ్యేదాకా మా ఎరుకలోళ్లు ఏ తప్పూ చేయకుండానే వేలిముద్రలిచ్చి, స్టేషన్లో హాజరు వేయించుకున్నోళ్లు.

రెండు రాత్రులు కూర్చొని చదివినాం. అతివేగానికి మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్. కెమెరా చలానాకైతే ఫోటో, నమోదైన వేగం, చోటు, టైము చూపించాలని, 15 రోజుల్లో నోటీసు పంపాలని 2021లో వచ్చిన 167ఏ నియమం చెప్తాంది. ఇంకోటి, ఇది ముఖ్యం: న్యాయ సేవల చట్టం (1987) 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు వకీలు ఉచితం, ఆదాయంతో పనిలేదు. ఫోన్ నంబరు 15100. మాకూ ఆరోజు దాకా తెలీదు. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు పట్టుకొని పోతే వకీలును ఇచ్చినారు.

కోర్టులో మా ముందున్నోళ్లంతా "ఒప్పుకుంటాం సార్" అని, ఫైను కట్టి పోతాండారు. మామ వంతు వచ్చింది. "ఒప్పుకుంటావా?" అని అడిగితే మామ గొంతు పెగల్లేదు. తలగుడ్డ చేతిలో నలుపుతా నిలబడినాడు. వెనకాల మాకు చెమటలు.

"లేదు సార్. ఆ బండి మాది కాదు."

వకీలు ఆర్‌సీ, ఫోటో ముందు పెట్టినాడు. వాయిదా పడింది. రెండోసారి పోతే కేసు కొట్టేసినారు.

నిజం చెప్పాలంటే, రెండు రోజుల బాడుగలు, బస్సు ఛార్జీలు, జిరాక్సులు లెక్కేస్తే చలానా కంటే ఎక్కువే అయింది. అత్త ఇంకా తిడతానే ఉంది. మామ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆర్డరు కాపీని రేషన్ కార్డు ఉండే ట్రంకుపెట్టెలో పెట్టబోయి, మళ్లీ తీసి మా చేతికిచ్చినాడు.

"రేపు తాడిపత్రికి పోతే దీన్ని లామినేషన్ చేయించుకొని రాండి."