గిట్టుబాటు

మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, ఇప్పుడు హోసూరు చేరువనున్న కళాశాలలో వాణిజ్యశాస్త్రము చదువుచున్న బాలిక యొకతె గడచిన వేసవిలో మా యింటికి వచ్చెను. క్రొత్త వ్యాపారములకు చేయూతనిచ్చు స్థానిక సంస్థ యొకదానిలో ఆమెకు నెలదినములు ఇంటర్న్‌షిప్ దొరకినదట. చిన్నారులకు ఈ మాట క్రొత్తది కావచ్చును. జీతమునకు గాక పని నేర్చుటకై చేయు కొలువని తెలిసికొన్న చాలును. వెనుక కమ్మరి కొలిమివద్ద కుఱ్ఱవాడు తిత్తి యూదుచు పని నేర్చిన రీతియే యిది. తిత్తికి మారు ఇచ్చట కంప్యూటరు.

ఆమె తండ్రికి ఇష్టము లేదు. "తెలుగులో చదివిన పిల్ల అక్కడ ఏమి చేస్తుందండీ?" అని మమ్మే యడిగిరి. 1970వ దశకమున హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలసినది మొదలు మన తల్లిదండ్రుల యెదుట ఈ ప్రశ్న నిలిచియే యున్నది. 2006వ సంవత్సరపు చట్టముచే తమిళము నిర్బంధ పాఠ్యాంశమైన పిదప అది మరింత పదునెక్కినది. మేము తగిన జవాబు చెప్పలేకపోతిమి.

మొదటివారము ఆమెచే కాగితములు కుట్టించిరి. రెండవవారము పల్లెకు పంపిరి. అచ్చటి స్త్రీలు అయిదుగురు కూడి రాగిమాల్టు చేయుచున్నారు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, మరకు పట్టించుట వారి పని. వారితో మాటలాడుటకు సంస్థవారికి తెలుగు రాదు.

బయలుదేరుటకు ముందు ఆ బాలిక, "సార్, బ్రేక్ ఈవెన్ అనేదానికి తెలుగు చెప్పండి" అని యడిగెను. తిరుపతిలో పండిత శిక్షణ పొందిన మాకు సమాసములకు కొదువయా? "లాభనష్టసమత్వబిందువు" అని వ్రాసియిచ్చి, ఆ పూటంతయు మురిసిపోయితిమి.

ఆ మాట విని ఆ స్త్రీలు పకపక నవ్విరట. బాలిక విడమరచి చెప్పగా వారిలో పెద్దామె, "ఓహో, గిట్టుబాటు అంటావా పాపా!" అనెను. మాకు పుట్టినది మొదలు తెలిసిన మాటయే యది.

లెక్క మొదలైనది. కిలో 120 రూపాయలకు అమ్ముచున్నారు. రాగులకు, మరకూలికి, పొట్లములకు 85 పోగా 35 మిగులును. నెలకు 40 కిలోలు, అనగా 1400 రూపాయలు. సంస్థవారి పత్రములో దీనికి లాభమని పేరు. "మా రెక్కల కష్టం ఏడ రాసినావు?" అని పెద్దామె ప్రశ్న. అయిదుగురు నెలకు నాలుగేసి దినములు పనిచేయుదురు. 20 దినములకు 1400 పంచగా దినమునకు 70 రూపాయలు! పొలముపనికి పోయిన వచ్చు కూలిలో నాలుగవవంతైనను లేదు.

అచ్చుపత్రములో కూలికి గడి లేదు. బాలిక అంచున గీత గీసి, తెలుగులో "మా కూలి" అని వ్రాసెను. అధికారి మొగము చిట్లించెనట, అయినను కొట్టివేయలేదు.

ఇప్పుడు ధర 180 చేసిరి. అమ్మకము 30 కిలోలకు తగ్గినది. కూలి మాత్రము దినమునకు 190 అయినది. ఇంకను చాలదు. ప్రక్కయూరి అంగడివారు క్రొత్త ధరకు సరకు తీసికొందురో లేదో చూడవలెను.

కొలువు ముగిసినది. తరువాత ఉద్యోగమిత్తురా యని తండ్రి యడుగుచునే యున్నారు. సంస్థవారు ఏమియు చెప్పలేదు. ఆ బాలిక ప్రతి శనివారము ఆ పల్లెకు పోయి లెక్కలు వ్రాసి వచ్చుచున్నది; బస్సుచార్జీలు తండ్రియే యిచ్చుచున్నారు.