ఒంటి గేరు కొండ సైకిలు

సైకిలును గురించి మేము క్రొత్తగా నేర్చుకొనవలసినది ఏదియు లేదని అరువది యేండ్లు దాటువరకు నమ్మియుంటిమి. కొరాపుట్ పట్టణమున గుమాస్తా పనిలో చేరిన నాటినుండి పదవి విరమించిన దినము వరకు నల్లని 22 అంగుళముల సైకిలు మీదనే కచేరీకి పోయి వచ్చితిమి. పంక్చరు వేయుట, గుండ్లకు గ్రీజు పెట్టుట, కాటరు పిన్ను బిగించుట, వదులైన చైనును లాగి కట్టుట, ఇవి యన్నియు మా చేతి పనులే. మా ఊరు సముద్రమట్టమునకు 3,000 అడుగులకు కొంచెము తక్కువ యెత్తున నున్నది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందినదగుటచే, మావంటి తెలుగు కుటుంబములు ఇచ్చట ఆనాడే స్థిరపడినవి. ఇచ్చట చదునైన త్రోవ అరుదు. ఒక మిట్ట దిగినచో మరియొక మిట్ట ఎక్కవలెను. అట్టి చోట ముప్పది యేండ్లకు పైగా ఒక్క గేరుతో తిరిగితిమను గర్వము మాకు లేకపోలేదు. ఆ గర్వమే మా మనుమని గడ్డమున మూడు కుట్లు వేయించినది.

మనుమనికి పదునారేండ్లు. వానిది లావు టైర్ల కొండ సైకిలు. ముందు మూడు పండ్ల చక్రములు, వెనుక ఏడు, మొత్తము 21 గేర్లు. రెండేండ్ల క్రిందటి వానకాలమున చోడి చేల నడుమ త్రోవలో పోవుచుండగా, వెనుక గేరు మార్చు యంత్రము గడ్డిని చుట్టుకొని ఊచలలోనికి పోయి విరిగినది. మరమ్మతునకు సగము సైకిలు ఖరీదు అగునని తెలిసినది. "ఈ గేర్లన్నియు ఎందుకురా? ఒక్కటి చాలును" అంటిమి. వాడు అలుగుననుకొంటిమి గాని, వాని ముఖము వెలిగెను. కొండ సైకిళ్ళను కోరి కోరి ఒక్క గేరునకు మార్చుకొనువారు లోకమున నున్నారట. బురదలో చెడుటకు యంత్రమే లేనప్పుడు చెడునదేమి?

అసలు కొండ సైకిలు పుట్టినదే ఒక్క గేరుతో నని వాడే మాకు చదివి వినిపించెను. అమెరికాలోని కాలిఫోర్నియాలో మారిన్ అను ప్రాంతము కలదు. 1970 తరువాతి యేండ్లలో అచ్చటి యువకులు 1930, 40 నాటి బరువైన పాత సైకిళ్ళను ఏరి తెచ్చి, కొండలపైకి బండ్లలో మోసుకొనిపోయి, మట్టి త్రోవలలో క్రిందికి ఉరికించెడివారు. 1976లో ఆరంభమైన వారి పందెమునకు రీప్యాక్ అని పేరు. సుమారు రెండు మైళ్ళలో 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు పెడలును వెనుకకు త్రొక్కినచో పడు బ్రేకు ఉండెడిది. ఒక్క పందెమునకే వెనుక హబ్బులోని గ్రీజు కాగి పొగయై పోయెడిది. మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది గనుక ఆ పేరు. ఆ సైకిళ్ళను ఎక్కుటకు గూడ వాడదలచిన పిమ్మట వారు గేర్లు తగిలించిరి. దిగుటకు గేరుతో పని లేదు. చిక్కంతయు ఎక్కుటలోనే యున్నదను సంగతి అప్పుడు మా చెవిని బడినది గాని మనసున పట్టలేదు.

మేము చేసిన పని యిది. విరిగిన యంత్రమును ఊడదీసితిమి. ముందు మూడింటిలో 34 పండ్లు గల నడిమి చక్రము మీదను, వెనుక ఏడింటిలో నడుమ నున్న దాని మీదను చైనును వేసి, మిగిలినది కత్తిరించి కలిపితిమి. చైను కొంచెము వ్రేలాడుచుండెను. మా నల్ల సైకిలునకైనచో వెనుక ఇరుసు కూర్చుండు గాడి అడ్డముగా నుండును. మరలు సడలించి చక్రమును వెనుకకు లాగినచో చైను బిగియును. ఈ సైకిలు గాడి నిలువుగా నున్నది. చక్రము వెనుకకు రాదు. ఇంకొక జత లంకెలు తీసినచో చైను అసలే అందదు. "తాతయ్యా, చైను వదులుగా ఉంది కదా?" అని వాడడిగెను. "నీవు పుట్టకముందునుండి సైకిలు త్రొక్కుచున్నాము, మాకు చెప్పుచున్నావా?" అని కసరితిమి. వాడు మారు పలుకలేదు.

చదును నేలమీద సైకిలు చక్కగనే నడచినది. ఊరి వెలుపలి మొదటి మిట్టపై వాడు సీటు మీదినుండి లేచి, బరువంతయు పెడళ్ళపై మోపెను. చైను ప్రక్క చక్రము మీదికి ఎగబ్రాకి పట్టు తప్పెను. పెడలు ఒక్కసారిగా శూన్యమున బడెను. వాడు హ్యాండిలు మీదికి తూలి రాళ్ళలో పడినాడు. వెనుక నడచి వచ్చుచున్న మేము చూచుచుండగనే జరిగినది. ఆసుపత్రిలో కుట్లు వేయుచున్నంతసేపును వాడు మా చేయి పట్టుకొనియే యుండెను. ఇంటికి వచ్చిన తరువాత కోడలు మమ్మేమియు అనలేదు. అన్నచో బాగుండెడిది.

మరునాడు ఆ సైకిలును నడిపించుకొని బజారులోని పాత సైకిలు దుకాణమునకు పోతిమి. ఆ దుకాణదారు మాకన్న పెద్దవాడు. చూచి నవ్వలేదు. తప్పులు మూడని వ్రేళ్ళు మడచి చెప్పెను. మొదటిది, గేర్ల చక్రముల పండ్లు చైను ప్రక్కకు సులువుగా దాటుటకే చెక్కబడినవి. దాటవద్దన్నచో దాటక మానునా? రెండవది, వదులు చైను పండ్లను గట్టిగా పట్టుకొనదు. మూడవది, ముందు చక్రమును వెనుక చక్రమును ఒక్క వరుసలో లేవు. చైను ఏటవాలుగా పోవుచున్నది.

తరువాత పని అతడు చేయుచుండగా మేము పనిముట్లు అందించితిమి. మరతో బిగిసియున్న ఏడు చక్రముల గుత్తిని విప్పి, మామూలు సైకిలు ఫ్రీవీలును బిగించినచో అది సరిగా కూర్చున్నది. మర కొలత రెంటికిని ఒక్కటే. ఆ ఫ్రీవీలు పండ్లు మందమైనవి కనుక గేర్ల సైకిలు సన్న చైను దానిమీద కూర్చుండదు. అందుచేత మామూలు సైకిలు వెడల్పు చైనునే వేసితిమి. అయినను ఫ్రీవీలు మరీ లోపలికి నున్నది. ఇరుసునకు కుడి ప్రక్కన నున్న వాషర్లను కొన్ని తీసి ఎడమ ప్రక్కకు మార్చినంతట అది బయటికి జరిగి, ముందు చక్రముతో తిన్నని వరుసకు వచ్చెను. హబ్బు కుడికి జరిగినది కావున రిమ్ము నడుమకు రావలెను. కుడి ఊచలు సడలించి, ఎడమ ఊచలు బిగించి, చక్రమును త్రిప్పి త్రిప్పి చూచి సరిచేసెను. ఇట్లు చేసిన చక్రము మునుపటికన్న గట్టిదట. రెండు ప్రక్కల ఊచలును ఇంచుమించు సమానముగా బరువు మోయును. కడపట, విరిగిన గేరు యంత్రములోని చిన్న కప్పీని ఊడదీసి, ఒక ఇనుప పట్టీకి స్ప్రింగుతో తగిలించి, చైనును క్రిందినుండి పైకి నొక్కునట్లు అమర్చెను. వదులు పోయినది. పైగా చైను వెనుక చక్రమును మరి కొన్ని పండ్ల మేర చుట్టుకొన్నది. నడుమ వ్రేలితో నొక్కినచో అర అంగుళము ఆడినది. అంతే ఆడవలెను.

ఇక ఎన్ని పండ్లు? మా నల్ల సైకిలునకు ముందు 44, వెనుక 18. పెడలు ఒక్క చుట్టు తిరిగినచో సుమారు 5.4 మీటర్లు పోవును. అది తారు రోడ్డునకు తగిన లెక్క. కొండ సైకిలు చక్రము 26 అంగుళములది. ముందు 34, వెనుక 18 అయినచో 3.9 మీటర్లు. ఆ మిట్ట మీద అదియు బరువైనది. 20 పండ్లది వేసినచో చుట్టునకు 3.5 మీటర్లు. వాడు దిగకుండ ఎక్కెను. చదునున మాత్రము నిముషమునకు అరువది చుట్లు త్రొక్కినను గంటకు పన్నెండు, పదమూడు కిలోమీటర్లు మించదు. ఒక్క గేరు పెట్టుకొనువాడు దేనినో ఒకదానిని వదలుకొనవలెను. మేము వేగమును వదలితిమి. మా త్రోవలకు అదియే తగును. వేరొక ఊరివానికి వేరొక లెక్క.

కుట్లు ఊడదీసిన పిమ్మట వాడు మమ్మును గూడ ఎక్కించెను. గేర్లున్నచో మిట్ట వచ్చిన తరువాత చూచుకొనవచ్చును. ఒక్క గేరుతో మిట్ట రాకమునుపే చూచుకొనవలెను. దిగుడులో వచ్చిన ఊపును బ్రేకు వేసి పాడుచేయరాదు. ఆ ఊపుతోనే ఎదుటి ఎక్కుడులో సగము గడచును. మిగిలిన సగమునకు సీటు విడిచి లేచి, హ్యాండిలును రెండు చేతుల లాగి పట్టి, నెమ్మదిగా ఒక్కొక్క పెడలునే త్రొక్కవలెను. మరీ ముందుకు వంగినచో వెనుక చక్రము ఎర్రమట్టిలో జారును. ఊపిరి చాలనప్పుడు దిగి నడచుటలో అవమానము లేదు. ఈ వయసున మేము తరచుగా దిగుదుము. మా మోకాళ్ళు ఆ సంగతిని మాకన్న ముందే చెప్పును.

నల్ల సైకిలు మాకు నేర్పినది అబద్ధము కాదు. అది ఆ సైకిలునకు నిజము. ఇరుసు గాడి అడ్డముగా నున్న చోట మా విద్య పనికివచ్చినది. నిలువుగా నున్న చోట పిల్లవాని ప్రశ్నకు జవాబు వెదకవలసి యుండెను. ఆ సంగతి మేము వానితో చెప్పుటకు నెల దినములు పట్టినది. "తప్పు మాదిరా" అనినప్పుడు వాడు చైనుకు నూనె వేయుచుండెను. తల యెత్తకయే "తెలుసు తాతయ్యా" అనెను.

ఇప్పుడు ప్రతి ఆదివారము ఉదయమున సైకిలు వాకిటిలోనికి తీసిన తరువాత వాడు వంగి చైనును వ్రేలితో నొక్కి చూచును. వదులుగా ఉన్నదా అని మేమడుగుదుము. వాడు జవాబు చెప్పువరకు సైకిలును కదలనీయము.